ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్: చేరేముందు ఒక మాట
(హగరి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య మనోళ్ల ఇళ్లల్లో ఒక మాట బాగా వినబడుతోంది. "పాప ఐఏఎస్ రాస్తానంటోంది, అందుకే ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో చేరుస్తున్నాం" అని. ముందు ఈ చిక్కు విడదీద్దాం. యూపీఎస్సీ పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. మెయిన్స్‌లో ఎంచుకునే ఐచ్ఛిక విషయాల్లో ఇదొకటి. రెండు పేపర్లు, 500 మార్కులు. దానికి ఎం.ఏ. అక్కర్లేదు. ఈ ఒక్క కారణంతో అప్పు చేసి ఊరు దాటించకండి.

మరి ఎవరు చదవాలి? కాలేజీలో పాఠం చెప్పాలనుకునేవాళ్లు చదవాలి. నెట్ పరీక్షలో ఈ సబ్జెక్టు ఉంది, దానికి పీజీ కావాలి. ఇంకొకరు కూడా ఉన్నారు: ప్రభుత్వ కాగితం ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్లు. 1985లో చేనేతకు కొన్ని రకాలు రిజర్వు చేస్తూ చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ జాబితాలో చీర, పంచె, తువ్వాలు, లుంగీతో కలిపి 11 రకాలున్నాయి. అయినా మరమగ్గం చీర చేనేత పేరుతో అమ్ముడుపోవడం మనకు కొత్తేం కాదు. చట్టం ఉంది, తనిఖీ చేసే అధికారమూ ఉంది. మధ్యలో పోగు ఎక్కడ తెగింది? ఈ చదువు అడిగే ప్రశ్న అదే. అందుకే ఏ యూనివర్సిటీకి వెళ్లినా ముందు ఇది అడగండి: "మా పిల్ల ఇలాంటి విషయం మీద ప్రాజెక్టు చేయొచ్చా? ఊళ్లలో తిరిగే పని ఉంటుందా, లేక నోట్సేనా?"

ఇప్పుడు మన సరిహద్దు సంగతి. 1953లో బళ్లారి మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. చుట్టరికాలు మాత్రం ఎటూ పోలేదు. పిల్ల అమ్మమ్మగారింట్లో ఉండి రాయదుర్గంలో చదువుతుంది, రేషన్ కార్డేమో ఇక్కడుంటుంది. ఇట్లాంటి ఇళ్లు మనలో ఎన్నో! రాజ్యాంగంలోని 371జె అధికరణం మన జిల్లాకు వర్తిస్తుంది. ఈ ప్రాంతపు యూనివర్సిటీల్లో 70 శాతం సీట్లు స్థానికులకు, బయట రాష్ట్రస్థాయి సంస్థల్లో 8 శాతం. స్థానికత పుట్టుకతోనైనా రావచ్చు, నివాసంతోనైనా రావచ్చు. ఆంధ్రలో 371డి లెక్క వేరు, అక్కడ ఎక్కడ చదివావన్నది ముఖ్యం. అవతల చదివాం కాబట్టి ఇక్కడ హక్కు పోయిందని మీరే తీర్మానించుకోవద్దు. ఇక్కడ పుట్టి ఉంటే జనన పత్రం తీసుకుని అసిస్టెంట్ కమిషనర్ కార్యాలయానికి వెళ్లండి. అప్లికేషన్ చివరి తేదీ ముందురోజు పరుగెడితే పని కాదు.

ఇల్లు వదల్లేని పిల్లలకు ఇగ్నో ఉంది. మగ్గం దగ్గర కండెలు చుడుతూ కూడా చదువుకోవచ్చు. రెండేళ్ల కోర్సు, నాలుగేళ్ల దాకా గడువిస్తారు. కాకపోతే ఇంగ్లీషు, హిందీ మాధ్యమాలే. మన తెలుగు, కన్నడ పిల్లలకు మొదటి ఆర్నెల్లు కష్టమే, దాచి లాభం లేదు. వేరే ఏ దూరవిద్య కోర్సయినా యూజీసీ అనుమతి ఉందో లేదో చూడకుండా రూపాయి కట్టొద్దు. ఫీజు ఒక్కటే కాదు, ఆ రెండేళ్లు ఇంట్లో ఆసు ఎవరు పోస్తారన్నది కూడా ఖర్చే. ఆ లెక్క పిల్లల ముందే వేయండి, వాళ్లకూ తెలియాలి.

భోజనాలయ్యాక నేను ఇక్కడే ఉంటాను. మార్కుల కార్డు, జనన పత్రం తెచ్చినవాళ్లు ముందు రండి.