కొల్లేటి సీమలో దేవుడి పేర్లు

తాడేపల్లిగూడెంలో చదువు ముగించుకుని పట్టాలు అందుకుంటున్న యువతీయువకులకు అభినందనలు.

మీరు చదివిన ఈ సీమలో దేవుడికి ఎన్ని పేర్లున్నాయో చూడండి. ఏలూరు జిల్లా కామవరపుకోటకు దగ్గర్లో గుంటుపల్లి ఉంది. క్రీస్తుపూర్వమే బౌద్ధులు అక్కడి కొండను తొలిచి గుండ్రటి చైత్యగృహం చేశారు. తలెత్తి చూస్తే వాసాలు పరిచిన ఇంటికప్పులా కనిపిస్తుంది, అంతా రాయే. నడుమ రాతి స్తూపం. సృష్టికర్త ఊసెత్తని బౌద్ధుల స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు.

పెదవేగికి వస్తే మరో పేరు. అక్కడి నుంచి వేంగిని ఏలిన శాలంకాయనులకు ఇలవేల్పు చిత్రరథస్వామి, అంటే సూర్యుడు. కొల్లేటి మధ్య కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ కొలువుంది. ఆమెనే జలదుర్గ అనీ అంటారు, ఫాల్గుణంలో జాతర. 1836లో ఇండియాకు వచ్చిన క్రైస్తవ మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. తెలుగు బైబిలు చదివేవాళ్ల నోట యెహోవా పేరు పలుకుతుంది. ఏలూరు మసీదుల్లో అల్లాను పిలుస్తారు. ఆయనకు తొంభై తొమ్మిది నామాలని ముస్లింలు చెబుతారు.

‘పేర్లెన్నయినా దేవుడొక్కడే’ అని తేల్చేయడం సులువు. కానీ అల్లాకు రూపం, సాటి ఉన్నాయంటే ముస్లిం ఒప్పుకోడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కటేనంటాడు క్రైస్తవుడు. అద్వైతి నిర్గుణ బ్రహ్మం దగ్గర ఆగుతాడు. ఇవి చిల్లర తేడాలు కావు.

మలేషియాలో అల్లా అన్న పేరు కోర్టుకే ఎక్కింది. అరబ్బు క్రైస్తవులు తరతరాలుగా తమ దేవుణ్ని అల్లా అనే పిలుస్తున్నారు. అయినా ఒక కేథలిక్ పత్రిక ఆ మాట వాడకూడదన్న తీర్పు మీద అప్పీలుకు 2014లో అక్కడి ఫెడరల్ కోర్టు అనుమతించలేదు. 2021లో మరో కేసులో హైకోర్టు ఒక క్రైస్తవ మహిళకు అనుకూలంగా తీర్పిచ్చింది.

మీరు చదివిన తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి. 2015లో మొదలైంది. ఎన్.ఐ.టి.ల్లో సగం సీట్లు బయటి రాష్ట్రాల పిల్లలవి. రేపు ఉద్యోగాల్లోనూ ఇలాంటి కలగలుపే. పక్క సీటులోని సిక్కు మిత్రుడు ‘వాహెగురు’ అన్నప్పుడు ‘మా రాముడే కదా’ అని సర్దేయకుండా, ఆ పేరుతో తానెవరిని తలుచుకుంటున్నాడో అడగండి. మీ ఇంట్లో నేర్చుకున్నదానికి అది విరుద్ధంగా ఉన్నా, అడ్డు తగలకుండా చివరిదాకా చెప్పనివ్వండి. మీ సంగతి ఆ తర్వాత చెబుదురుగాని.