కానుక పట్టే చేతులకు

పట్టాలు అందుకుని సంఘ కాపరులు కాబోతున్న పిల్లలారా, నేను చెప్పదలచింది ఒకే సంగతి, అది డబ్బు సంగతి. మీకు గ్రీకు నేర్పారు, ప్రసంగం ఎలా కట్టాలో నేర్పారు. ఆదివారం కానుక సంచి తిరుగుతుంటే కాపరి మనసు ఎక్కడ ఉండాలో మాత్రం ఏ పరీక్షలోనూ అడిగి ఉండరు.

సేవకు వచ్చిన కొత్తలో నన్ను మలేషియాలోని దిగువ పేరాక్‌లో, బాగాన్ డాటోక్ వైపు ఒక కొబ్బరి తోట సంఘానికి పంపారు. ఆరాధన తమిళంలో, ఆ తర్వాత వాకిట్లో కబుర్లు తెలుగులో. అక్కడొక ముసలమ్మ ఉండేది. తోట పని మానేసి చాలాకాలమైంది, నెలనెలా వచ్చేదంటూ ఏమీ లేదు. అయినా ప్రతి ఆదివారం కొంగుముడి విప్పి ఒక నాణెం సంచిలో వేసేది. ఒకసారి సంఘ పెద్ద ఒకాయన జాలిపడి, సంచిని ఆమె ముందు ఆపకుండా పక్క వరసకు దాటించాడు. ఆరాధన అయ్యాక ఆమె గుమ్మంలో నిలబడి, "నేనేం చచ్చిపోయానా నాయనా, నన్ను దాటి పోయారు?" అని అడిగింది. మా పెద్ద పాస్టరుగారు ఆ నాణేన్ని రెండు చేతులా అందుకున్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "రేపు పొద్దున్నే వెళ్లి ఆమె ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో చూసి రా" అన్నారు.

ఆ రెండు పనుల్లో ఏ ఒక్కటి వదిలినా కానుక చెడుతుంది. పుచ్చుకోకపోతే ఆమెను ఎప్పటికీ చేయి చాచే మనిషిగా మిగిల్చినట్టే. పుచ్చుకుని బియ్యం సంగతి అడక్కపోతే ఆమెను దోచుకున్నట్టే. మార్కు సువార్త 12వ అధ్యాయంలో బీద విధవరాలి రెండు కాసుల మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. యేసు కానుకపెట్టె ఎదుట కూర్చున్నది 41వ వచనంలో. దానికి పైనున్న 40వ వచనంలో ఆయన మండిపడింది విధవరాండ్ర ఇళ్లు మింగే శాస్త్రుల మీద. దయచేసి ఈ రెండు వచనాలనూ విడదీసి బోధించకండి.

పేదవాడు ఇవ్వగలడని గట్టిగా నమ్మినవారు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. తిరునెల్వేలి తమిళుడు. తమ డబ్బుతో, తమ మనుషులే సువార్త మోసుకెళ్లాలని 1903లో ఆయనతో కలిసి అక్కడి క్రైస్తవులు ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. ఆ డబ్బు పెట్టి మనుషుల్ని పంపింది ఎక్కడికి? నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి, తెలుగువాళ్ల దగ్గరికి. తమిళ ఆరాధనలో కూర్చోవాల్సి వస్తోందని గొణిగేవాళ్లు మనలో ఉన్నారు కదా, ఈ బాకీ గుర్తుపెట్టుకోండి! అజరయ్యగారు 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన మందలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వాళ్లను అడగకూడదని ఆయన అనుకోలేదు. కానుకలివ్వడం గురించే ఒక పుస్తకం రాశారు. పొయ్యి మీద ఎసరు పెట్టి, ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసే అలవాటు, కోత పండుగకు ధాన్యం, కోళ్లు తెచ్చే అలవాటు తెలుగు సంఘాల్లో పేదింటి ఆడవాళ్లే నిలబెట్టారు.

మన తాతలు వచ్చిన మలయాలోనూ అంతే. 1920ల చివర తోటల్లో ప్రామాణిక కూలీ కట్టినప్పుడు, దారీతెన్నూ ఉన్న ప్రాంతాల్లో మగవాడికి రోజుకు 50 సెంట్లు, ఆడమనిషికి 40. ఆ 40 సెంట్లలోంచి కానుక తీసినవాళ్ల మనవలూ మునిమనవలే ఇవాళ ఈ గౌన్లలో కూర్చున్నారు.

ఇక నా నిద్ర చెడగొట్టే సంగతి. కొన్నేళ్ల కిందట ఒక బోధకుడు వచ్చి, డబ్బును విత్తనంగా వేయండి, నూరంతలు పండుతుందని కూటాలు పెట్టాడు. మా సంఘంలో ఫ్యాక్టరీ పనికి వెళ్లే ఒక తల్లి, కొడుకు జబ్బు తగ్గుతుందని మెడలో గొలుసు తాకట్టు కొట్లో పెట్టి ఆ డబ్బంతా ఇచ్చేసింది. చీటీ మీద గడువు ఆరు నెలలు. కొడుక్కి తగ్గలేదు. సంఘ పెద్దలం తలా కొంత వేసి గొలుసు విడిపించాం. కానీ "నా విశ్వాసమే చాల్లేదేమో అయ్యగారూ" అనే మాట ఆమె నోటి నుంచి పోవడానికి ఏళ్లు పట్టింది. దేవుణ్ణి వడ్డీ వ్యాపారిని చేసి చూపించినవాళ్లు మరో ఊరికి వెళ్లిపోతారు. ఆ తల్లి పక్కన కూర్చోవాల్సింది మీరు. రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయం తీయండి. మాసిదోనియ సంఘాలు కటిక పేదరికంలో ఇచ్చాయి. వాళ్లకు ఇంత తిరిగొస్తుందని పౌలు ఆశ చూపలేదు. వాళ్లు ముందు తమను తామే ఇచ్చుకున్నారని రాశాడు. ఆ డబ్బు మోసుకెళ్లడానికి తన వెంట వేరే సహోదరుల్ని కూడా పెట్టుకున్నాడు, ఎవరూ వేలెత్తి చూపకూడదని. అంత పెద్ద అపొస్తలుడికే ఆ జాగ్రత్త కావాల్సివస్తే, నిన్నగాక మొన్న గౌను తొడిగిన మీకు అక్కర్లేదా?

ఇప్పుడు సంచి పక్కన, ఫోనుతో డబ్బు పంపే డ్యూట్‌నౌ క్యూఆర్ వచ్చింది. ఎవరు ఎంత పంపారో తెర మీద కనబడుతుంది. ఆ తెర కోశాధికారి చూడాలి, లెక్క సరిచూసేవాళ్లు చూడాలి. కాపరి చూడకూడదు. వెనక వరసలో నవ్వుతున్న బాబూ, నీకే చెబుతున్నాను. ఎంత ఇచ్చారో తెలిశాక ఒక ఇంటికి నీ అడుగు తొందరపడుతుంది, ఇంకో ఇంటికి బరువెక్కుతుంది. అంతా మనుషులమే. మొత్తం లెక్క మూడు నెలలకోసారి గోడకు అంటించండి. పేర్లు మాత్రం పీఠం మీద నుంచి చదవకండి, ఎంత పెద్ద దాత అలిగినా సరే.

మీ సంఘానికి చేరిన మొదటి నెలలోనే ఖాతా పుస్తకం అడిగి చూడండి. బీదలకు అని విడిగా ఒక పద్దు ఉందేమో వెతకండి. లేకపోతే పెద్దలతో మాట్లాడి రాయించండి. అందులో పడే మొదటి రింగిట్లు మీ జీతంలోంచి రావాలి, మీ పేరు లేకుండా.