తాగుబోతు సాకు, సేరంపూర్ పట్టా



ఈ రోజు అందుకున్న పట్టాతో రేపు మీరు సంఘానికి వెళ్లగానే ఎవరో ఒక పెద్దాయన అడుగుతారు: “ఇంత చదువు దేనికయ్యా? ప్రార్థన చేసుకుని వాక్యం చెబితే చాలదా?” దేవుని ముందు నిర్ణయం, మనిషి స్వేచ్ఛా చిత్తం అనే చర్చ ఎత్తితే పాస్టర్లే నవ్వేస్తారు. అగస్టీను, పెలాగియస్‌ల నాటి నుంచి తెగని తగాదా మనకెందుకంటారు. అలాంటివారికి నేను ఒక తాగుబోతు సంగతి చెబుతుంటాను.

1770 ప్రాంతంలో ఇంగ్లండులోని సోహమ్ అనే ఊళ్లో, ఒక చిన్న బాప్టిస్టు సంఘ సభ్యుడు పూటుగా తాగాడు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఆండ్రూ ఫుల్లర్ అనే పదహారేళ్ల కుర్రాడు వెళ్లి మందలించాడు. నన్ను నేను కాపాడుకునే శక్తి నాకెక్కడిది అన్నాడు ఆ సభ్యుడు. తాగాడు కానీ సిద్ధాంతం మాత్రం మరిచిపోలేదు! సంఘం అతణ్ణి వెలివేసింది. అతను లేవదీసిన ప్రశ్నను మాత్రం వెలివేయలేకపోయింది. పాపానికి దూరంగా ఉండే శక్తి మనిషికి ఉందా? పైకి కనిపించే పనుల్లోనైనా ఉందన్నాడు పాస్టర్ జాన్ ఈవ్. అదీ లేదన్నారు కొందరు. వాదన ముదిరి 1771లో ఆయన ఆ సంఘాన్ని వదిలి వెళ్లాల్సి వచ్చింది.

ఆ బాప్టిస్టుల్లో చాలామంది లెక్క ఇది: దేవుడు ఏర్పరచుకున్నవారే నమ్ముతారు, కాబట్టి నమ్మే శక్తి లేనివాణ్ణి నమ్మమని పిలవడం బోధకుడి పని కాదు. మారుమనస్సు పొందనివారితో ఈవ్ గారికి చెప్పడానికి దాదాపు ఏమీ ఉండేది కాదని ఫుల్లర్ తర్వాత రాసుకున్నాడు. ఆదివారం బల్లల మీద కూర్చున్న సగంమందికి ఆ ప్రసంగంలో చోటే లేదన్నమాట.

ఈ ముడి విప్పడానికి ఫుల్లర్‌కు ఏళ్లు పట్టింది. స్వేచ్ఛా చిత్తం గురించి అమెరికాలో జొనాథన్ ఎడ్వర్డ్స్ 1754లో ప్రచురించిన గ్రంథం దారి చూపింది. ‘చేతకాకపోవడం’ రెండు రకాలని ఎడ్వర్డ్స్ విడదీశాడు. కళ్లు లేనివాడు చదవలేకపోతే తప్పు లేదు. కళ్లుండీ పుస్తకం తెరవనని మొండికేస్తే అది తప్పే. పాపి చేతకానితనం రెండో రకానిది కాబట్టి నమ్మడం ప్రతి మనిషి బాధ్యత, ప్రతి మనిషినీ పిలవడం సంఘం బాధ్యత అని 1785లో ఫుల్లర్ పుస్తకం వేశాడు. ఏర్పాటు సిద్ధాంతాన్ని మాత్రం వదులుకోలేదు. దాంతో రెండు వైపులా దెబ్బలు తిన్నాడు. సొంతవాళ్లు కృపను తగ్గించావన్నారు, స్వేచ్ఛా చిత్తం పక్షాన డాన్ టేలర్ ఇంకా సగం దూరమే వచ్చావన్నాడు.

ఆ పుస్తకం చదివినవాళ్లలో చెప్పులు కుట్టి బతికిన విలియం కేరీ ఒకడు. అందరూ నమ్మాల్సి ఉంటే, అందరి దగ్గరికీ ఎవరో ఒకరు వెళ్లాలి కదా? 1792లో ఆయన వేసిన 87 పేజీల చిన్న పుస్తకంలో దేశాల వైశాల్యం, జనాభా, మతం పట్టికలు కట్టి ఉన్నాయి. ఆ ఏడాది అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక వితంతువు ఇంటి గదిలో మిషన్ సంఘం పుట్టింది. ఆ రోజు ఇస్తామన్న చందా 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. ఫుల్లర్ 1815లో చనిపోయేదాకా దానికి కార్యదర్శి. కేరీ 1793లో బెంగాల్‌లో దిగాడు, 1800లో సేరంపూర్ చేరాడు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది, 1818లో అక్కడ కాలేజీ వెలిసింది. మీ చేతిలోని పట్టా మీద ఉన్నది ఆ ఊరి పేరే.

ఫుల్లర్ పక్షంవాళ్లే సువార్తను మోశారని నేననను. స్వేచ్ఛా చిత్తాన్ని నమ్మిన వెస్లీ మనుషులూ అంతే దూరం వెళ్లారు. ఈ చర్చకు చీకటి పేజీ కూడా ఉంది. హాలండులో 1618-19 డోర్ట్ మహాసభ, స్వేచ్ఛా చిత్తం వైపు మొగ్గిన ఆర్మీనియస్ అనుచరుల బోధను ఖండించింది. సభ ముగిసిన రోజుల్లోనే వారి పక్షాన నిలిచిన 71 ఏళ్ల రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ తల తీశారు. ఆ కేసులో రాజకీయమూ ఉందనుకోండి. అయినా వాదనలోకి కత్తి వచ్చాక అది దైవశాస్త్రం కాదు.

మన ఊళ్లకు వద్దాం. ఏర్పాటు గురించి మీరు చేసే ప్రసంగం చాపల మీద కూర్చున్నవారికి తలరాతలాగే వినిపిస్తుంది. తలరాతలో పిలిచేవాడు లేడు, రోమా పత్రికలో ఉన్నాడు. ఆ తేడా మీరు చెప్పకపోతే ఎవరూ చెప్పరు. తాగి భార్యను కొట్టినవాడు “దేవుడు మార్చినప్పుడు మారతాలే” అని మీతోనే అంటాడు, అది సోహమ్ సాకే. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో మీ సంఘపెద్దే “ముందే రాసిపెట్టి ఉందమ్మా” అనేస్తాడు. మొదటివాడికి బాధ్యత గుర్తు చెయ్యాలి. రెండో ఇంట్లో నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి. ఎక్కడ ఏది చెయ్యాలో తేల్చుకోవడానికే ఈ చదువు.

ఒక్క మనవి. ఏర్పాటు గురించి చెప్పే రోమా పత్రిక 9వ అధ్యాయం బోధించిన వారం తర్వాత, అందరినీ పిలిచే 10వ అధ్యాయం బోధించకుండా ఊరు కదలకండి.