పాత లాప్‌టాప్, కొత్త లాప్‌టాప్

(సంఘం సర్వసభ్య సమావేశంలో, తార్నాకలో, ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మొన్న ఫోన్ చేసి, "మీరు కొత్త లాప్‌టాప్ కొన్నారట కదా, దాని గురించి పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. నేను కంప్యూటరు నిపుణుణ్ణి కాను. 1973లో క్యాంపస్‌లో టైపిస్టుగా చేరి, 2008లో సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. రోజూ గోల్నాక నుంచి సైకిలు మీద తిలక్‌నగర్ మీదుగా ఎన్‌సీసీ గేటు దాకా వచ్చిన రోజుల్లో నాకు తెలిసిన యంత్రాలు రెండే: ఒకటి ఆ సైకిలు, రెండోది సెక్షన్‌లో తెలుగు టైపురైటరు. అయినా చెప్పవలసిన మాట ఒకటుంది. లాప్‌టాప్ మార్చేటప్పుడు నేనొక పొరపాటు చేయబోయి, కాస్తలో తప్పించుకున్నాను. మీలో చాలామంది ఇప్పుడు అదే పనిలో ఉన్నారు కనుక చెబుతాను.

ముందు పాతదాని సంగతి. 2010లో కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ప్రకటన చేసినట్టవుతుంది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో మా ఇంటావిడకు గాజులు, నాకు లాప్‌టాప్ అని ఒప్పందం. గాజులు ముందు వచ్చాయి, లాప్‌టాప్ రెండేళ్ళ తర్వాత వచ్చింది. రెండున్నర కిలోల బరువు. మూత మీద ఏటా ఆయుధపూజనాడు ఆవిడ పెట్టిన కుంకుమబొట్టు ఎంత తుడిచినా పోని మరకై ఇప్పటికీ ఉంది. బ్యాటరీ రెండుసార్లు మార్చాను. 2016లో విండోస్ 10 ఎక్కించుకున్నాను. 2018లో హార్డ్‌డిస్కు తీసి ఎస్సెస్‌డీ వేయిస్తే ముసలి గుర్రానికి మళ్ళీ పళ్ళొచ్చినట్టయింది. కొన్ని కీల మీద అక్షరాలు అరిగిపోయాయి. నాకు అక్షరాలు చూడవలసిన అవసరం లేదు, వేళ్ళకు తెలుసు.

వేళ్ళకు తెలుసు అన్నాను, అదే ఆ యంత్రం మీద నా ప్రేమకు అసలు కారణం. అందులో డీటీపీ వాళ్ళు వాడే పాత తెలుగు ఫాంట్లు, టైపురైటరు పద్ధతి కీబోర్డు వేయించుకున్నాను. ఇరవై మూడేళ్ళ వయసులో నేర్చుకున్న చేతివాటం అరవై దాటాక కూడా పనికొచ్చింది. ఈ పదిహేనేళ్ళలో మన సభ్యుల కోసం టైపు చేసిన అర్జీలు, వినతిపత్రాలు, బకాయిల లెక్కలు, మన సంచిక కోసం రాసినవి అన్నీ కలిపి 412 ఫైళ్ళు అందులో ఉన్నాయి.

మరి ఎందుకు మార్చాను? మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు ఆపేశారు. ఇళ్ళలో వాడుకునేవారికి ఒక ఏడాది పొడిగింపు ఏర్పాటు చేశారు గాని, అది వాయిదాయే. ఆపేసినంత మాత్రాన యంత్రం ఆగిపోదు. మర్నాడూ మామూలుగానే నడుస్తుంది. కాని కొత్తగా బయటపడే కన్నాలను పూడ్చేవారుండరు. ఇంటికి తాళం ఉంది, పాడైతే బాగుచేసేవాడు లేడు అన్నట్టు. దాని మీదే బ్యాంకు లావాదేవీలు, పింఛను వివరాలు చూసుకునేవాళ్ళం కనుక మా మనవడు భయపెట్టాడు. విండోస్ 11కు మారదామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతదో కావాలి. నాది మొదటి తరం ఐ3. మనకు 58 ఏళ్ళకు పదవీ విరమణ, దానికి పదిహేనుకే. పైగా మనకు పింఛనైనా ఇచ్చారు.

సరే, ఒక ఆదివారం నేనూ మనవడూ తార్నాకలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాం. నాలుగు దుకాణాలు తిరిగి కొత్తది కొన్నాం. బరువు కిలోన్నర. తెర వెలుగు చూస్తే కంటి ఆపరేషన్ అయిన మర్నాడు లోకం కనిపించినట్టుంది. సీడీ పెట్టే చోటు మాత్రం లేదు. దుకాణదారు పాతదానికి పదిహేను వందలు ఇస్తానన్నాడు. వచ్చే ఆదివారం తెచ్చిస్తామని చెప్పి వచ్చాం. మనవడు ఆ రాత్రే 412 ఫైళ్ళూ పెన్‌డ్రైవ్ మీద కొత్తదాంట్లోకి ఎక్కించి, లెక్కపెట్టి, "తాతా, అన్నీ వచ్చాయి" అన్నాడు. నేనూ లెక్కపెట్టాను. 412. పాతదాన్ని సంచిలో పెట్టి తలుపు పక్కన ఉంచాం. ఇక్కడే, మిత్రులారా, నా ముప్పై అయిదేళ్ళ ఆఫీసు అనుభవం నిద్రపోయింది. ఫైళ్ళు అప్పగించుకునేటప్పుడు అట్టలు లెక్కపెట్టి సంతకం చేయకు, లోపల కాగితాలు చూడు అని కొత్త గుమాస్తాలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో!

శుక్రవారం ఒకామె వచ్చింది. పేరు చెప్పను. మన సెక్షన్‌లో అటెండరుగా చేసి 2009లో రిటైరైన మన సహచరుడి భార్య. ఆయన పోయి ఏడాది దాటింది. కుటుంబ పింఛను కోసం దరఖాస్తు పెట్టుకుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన సర్వీసు రిజిస్టరులో భార్యకు ఇంట్లో పిలిచే పేరు రాయించాడు. ఆధార్‌లోనూ బ్యాంకు పుస్తకంలోనూ ఉన్నది పెద్దలు పెట్టిన పేరు. రెండు పేర్లూ ఒకరివేనని ఆయన ఉండగా ఏదైనా రాసి ఇచ్చి ఉంటే ఆధారం తెమ్మన్నారు. అడగవలసిన మాటే అది.

"అన్నా, మా ఆయన నీ దగ్గర కూచొని ఏదో కాగితం రాయించిండు. ఆ సంగతి చెప్పేటోడు మల్ల" అంది.

నాకు గుర్తొచ్చింది. 2011లో గోల్నాకలో మా ఇంటికి వచ్చి, ఈ రెండు పేర్ల సంగతి చెప్పి, సవరణ కోసం నాచేత అర్జీ టైపు చేయించుకున్నాడు. ఆఫీసులో ఇచ్చి, తిరిగొచ్చి ఇన్‌వర్డు నెంబరూ తేదీ చెప్పాడు. అలవాటు కొద్దీ వాటిని నా ఫైలు అడుగున టైపు చేసి పెట్టుకున్నాను. కాగితం నకలు కూడా ఉండేది. 2020 అక్టోబరు వానలకు మా గల్లీలో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చినప్పుడు కింది అరలో ఉన్న కాగితాల కట్టలన్నీ ముద్దైపోయాయి. అప్పుడు ముందుగా మంచం మీదికి ఎక్కించింది లాప్‌టాప్‌నే.

"ఉండమ్మా, ఒక్క నిమిషం" అని గొప్పగా కొత్తది తెరిచాను. ఫైలు దొరికింది, తెరుచుకుంది. అందులో తెలుగు లేదు. నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, పౌండు గుర్తులు, ప్రశ్నార్థకాలు వరసగా నిలబడ్డాయి. ఇంకొక ఫైలు తెరిచాను, అదీ అంతే. నాలుగు వందల పన్నెండూ అంతే. ఆమె తెర వంక చూసి, నా మొహం వంక చూసి, "దొరకలేదా అన్నా" అంది.

దీనికి కారణం తర్వాత మనవడు చెబితే తెలిసింది. ఆ పాత ఫాంట్లలో కంప్యూటరుకు తాను తెలుగు రాస్తున్నట్టే తెలియదు. అది దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన నెంబర్లనే. ఫాంటు వాటికి తెలుగు ముసుగు తొడుగుతుంది. ఫాంటు ఉన్నచోట తెలుగు, లేనిచోట ముసుగు జారిపోయి అసలు మొహం. యూనికోడ్ అనే పద్ధతిలో అలా కాదు. 1991లో దాని మొదటి కూర్పులోనే తెలుగుకు సొంతంగా 128 స్థానాలు ఇచ్చారు. అందులో మన 'క' నెంబరు 3093. అమెరికాలోనైనా అంబర్‌పేటలోనైనా, కంప్యూటరులోనైనా ఫోనులోనైనా అది 'క'యే. విండోస్ ఎక్స్‌పీతో 2001లోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చింది. నేనే చేతివాటం వదులుకోలేక పాతదాన్ని పట్టుకు వేళ్ళాడాను.

ఆ పాత ఫాంటునే కొత్తదాంట్లో వేస్తే సరిపోదా అని తెలిసినవారు అడగవచ్చు. కనిపిస్తుంది, నిజమే. కాని ఆ ఫాంటు ఎక్కడుంది? సీడీ ఎప్పుడో పోయింది. మిగిలింది పాత లాప్‌టాప్‌లోనే. ఆ లాప్‌టాప్ తలుపు పక్కన సంచిలో ఉంది, ఎల్లుండి పదిహేను వందలకు పోబోతూ.

సంచి విప్పి పాతదాన్ని తీసి చార్జరు గుచ్చాను. అది లేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలు నేను మా ఆవిడ పెట్టిన కుంకుమ మరక మీద చెయ్యేసి కూర్చున్నాను. ఫైలు తెరుచుకుంది. అర్జీ ఉంది, రెండు పేర్లూ ఉన్నాయి, అడుగున ఇన్‌వర్డు నెంబరూ తేదీ ఉన్నాయి. ప్రింటు తీసి ఇచ్చాను. నా ప్రింటు సాక్ష్యం కాదు, నాకు తెలుసు. కాని నెంబరూ తేదీ చేతిలో ఉంటే అసలు కాగితం వెతకడానికి ఒక దారి ఉంటుంది. మూడు వారాలకు అది దొరికిందని కబురొచ్చింది. పింఛను మంజూరైన రోజు ఆమె మిఠాయి డబ్బా తెచ్చి, నాకు కాదు, లాప్‌టాప్ ముందు పెట్టింది. షుగరు ఉంది కనుక మనవడు తిన్నాడు.

పదిహేను వందల బేరం వదులుకున్నాను. ఇప్పుడు బల్ల మీద రెండూ పక్కపక్కన ఉన్నాయి. పాతదానికి ఇంటర్నెట్ తీసేశాను, బ్యాంకు పనులన్నీ కొత్తదాంట్లోనే. మొదటి పనిగా పాతదాంట్లోనే ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా మార్చాను. ముద్రణ ఆజ్ఞ ఇచ్చేచోట ప్రింటరు బదులు పీడీఎఫ్ అని ఎంచుకుంటే చాలు. ఫాంటు అందులోనే ఇమిడిపోతుంది కనుక ఎక్కడ తెరిచినా తెలుగు కనిపిస్తుంది. కనిపించాయో లేదో కొత్తదాంట్లో ఒక్కొక్కటీ తెరిచి చూశాను, ఈసారి అట్టలు లెక్కపెట్టలేదు. ఆ తర్వాత ముఖ్యమైనవాటిని యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కాని వత్తుల దగ్గర తడబడతాయి. పేర్లు, అంకెలు తప్పక సరిచూసుకోవాలి. ఇప్పటికి 160 అయ్యాయి.

కొత్త కీబోర్డు నేర్చుకుంటున్నాను, దాన్ని ఇన్‌స్క్రిప్ట్ అంటారు. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడిచేతి వైపు ఎక్కువగా హల్లులు. ఇంగ్లీషు 'కె' ఉన్నచోటే మన 'క'. 'డి' నొక్కితే పొల్లు, దాని తర్వాత ఇంకో హల్లు కొడితే అదే వత్తవుతుంది. టైపురైటరు మీద వత్తులను వెతుక్కున్న మనబోటివాళ్ళకు ఇది అన్యాయంగా సులభం అనిపిస్తుంది. అయినా డెబ్బై అయిదేళ్ళ వేళ్ళు మాట వినవు. 'త' కొట్టబోతే పాత చోటికే పోతాయి. నిమిషానికి పది మాటల దగ్గర ఉన్నాను. లోయరు పరీక్షకు కూడా కూర్చోనివ్వరు.

మీలో ఎవరైనా పాతది అమ్మేవారుంటే, లోపల డిస్కు పూర్తిగా తుడిపించకుండా ఇవ్వకండి. ఫైలు డిలీట్ చేసినంత మాత్రాన పోదు, తెలిసినవాడు తిరిగి తీయగలడు. పాస్‌బుక్కు నకళ్ళు, పాన్ కార్డులు అందులోనే పెట్టుకుంటాం కదా. అసలు నడవనిదైతే చెత్తబండిలో వేయక ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. కాని అంతకుముందు, పాతది ఇంకా లేచి కూర్చునే స్థితిలో ఉండగానే, ఒక పూట దాని ముందు కూర్చుని మీ తెలుగు ఫైళ్ళు కొత్తదాంట్లో తెరుచుకుంటున్నాయేమో చూసుకోండి.

పాత ఫాంట్లలో ఏమున్నా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గోల్నాకలో మా ఇంటికి రండి. సోమ, గురువారాలు పొద్దున పది తర్వాత ఉంటాను. ఏ ఫాంటులో టైపు చేశారో ఒక చీటీ మీద రాసుకొస్తే పని తొందరగా అవుతుంది. ఎక్కువ ఫైళ్ళుంటే ఒక పూటకు ఇరవై మించి తేకండి, పాతదానికి వేడెక్కే జబ్బుంది.