ఇంటి సర్వరుకు కాపలా
పెళ్ళి ఫోటోలను, ఇంటి పత్రాలను సొంత సర్వరులో భద్రపరచుకొనే కుటుంబాలు నగరంలో ఉన్నాయి. మెచ్చదగినదే. అయితే రౌటరులో పోర్టు తెరచిన క్షణమే వీధివాకిలి లోకానికంతటికీ తెరచినట్లు.

2016లో మిరాయ్ మాయలేవీ చేయలేదు. తయారీదారులు పెట్టిన 60కి పైగా పేర్లు, పాస్‌వర్డులను వరుసగా ప్రయత్నించి లక్షల కెమెరాలను, రౌటర్లను వశపరచుకొన్నది. పరికరాన్ని ఆపి తిరిగి వెలిగిస్తే అది తొలగిపోయేది. పాత పాస్‌వర్డే ఉంటే నిమిషాల్లో మళ్ళీ చేరేది!

కనుక ముందు పాస్‌వర్డు మార్చాలి. ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశానికి కీ ఫైలు వాడాలి. బయటి నుండి వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ ద్వారానే రావాలి. అప్‌డేట్లు వాయిదా వేయరాదు.

2022లో డెడ్‌బోల్ట్ ఇళ్ళలోని నిల్వ పరికరాల ఫైళ్ళకు తాళం వేసి 0.03 బిట్‌కాయిన్ కోరింది. అందుచేత ఒక ప్రతి, ఏ తీగా తగలని హార్డ్‌డిస్కులో, బీరువాలో ఉండాలి.