ముందు తోలు బిగుతు - దాచుకునే జబ్బు కాదు

(కొత్తగూడలో దంపతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ నియంత్రణ అనగానే ఆడవాళ్ల ఆపరేషన్ గురించే మాట్లాడుకుంటాం. ఈ పూట మగవారి సంగతి ఒకటి చెబుతాను. అమ్మలూ, మీరు లేచి పోవద్దు. ఇది మీకు కూడా కావలసినదే.

ఆ మధ్య ఒక తండాలో నిరోధ్ పంచుతున్నాం. ఇద్దరు పిల్లల తండ్రి ఒకాయన "నాకొద్దు సార్" అని ప్యాకెట్టు తిరిగి ఇచ్చేశాడు. ఆయన భార్య మా ఆశా కార్యకర్తతో చాటుగా చెప్పుకున్నది: "నా మీద మనసు లేదక్కా, దగ్గరికే రాడు." ఆయన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగితే అసలు విషయం తేలింది. కొన్ని నెలలుగా అంగం మీది తోలు వెనక్కి రావడం లేదు. కలిసినప్పుడల్లా చిట్లి రక్తం వస్తున్నది. నిరోధ్ తొడిగితే మంట. సిగ్గుతో భార్యకు చెప్పలేదు. ఆమె ఇంకొకటి అనుకున్నది.

అంగం కొనను కప్పి ఉండే తోలును ముందు తోలు అంటాం. అది వెనక్కి రాకుండా బిగిసిపోతే డాక్టర్లు ఫైమోసిస్ అంటారు. పసిపిల్లలకు ఇది సహజమే. పెరిగేకొద్దీ దానంతటదే వదులవుతుంది, కొందరికి పదహారు పదిహేడేళ్లు వచ్చేదాకా పడుతుంది. కాబట్టి తల్లులు స్నానం పోసేటప్పుడు పిల్లవాడి తోలును బలవంతంగా గుంజవద్దు. గుంజితే చిట్లి, మానిన చోట మచ్చ కట్టి, నిజంగానే బిగుసుకుంటుంది.

పెద్దయ్యాక కొత్తగా బిగిస్తే మాత్రం కారణం వెతకాలి. మాటిమాటికీ పుండ్లు, దురద, వాపు రావడం ఒక కారణం. కొందరికి తోలు తెల్లగా, గట్టిగా మారే చర్మవ్యాధి ఉంటుంది. ఇంకొకటి చక్కెర జబ్బు. పైన చెప్పినాయనకు రక్తపరీక్ష చేయిస్తే అదే బయటపడింది! అప్పటిదాకా తనకు చక్కెర ఉన్నట్టే ఆయనకు తెలియదు.

వైద్యం ఏమిటంటారా? చాలామందికి కత్తి అవసరం రాదు. డాక్టరు రాసిచ్చిన బీటామెథసోన్ వంటి పూతమందును రోజుకు రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు రాస్తూ, నొప్పి పుట్టనంత మేరకే తోలును మెల్లగా సాగదీయాలి. మందుల దుకాణంలో "దురద మందు" అని అడిగి ఏదో ఒకటి కొని పూయవద్దు. పసర్లు అసలే వద్దు. రోజూ గోరువెచ్చని నీళ్లతో, వచ్చినంత వరకే వెనక్కి తీసి కడగాలి. లోపల తెల్లని మడ్డి పేరుకుంటే వాపు వస్తుంది. ఏళ్ల తరబడి బిగుతు అలాగే ఉంటే అంగానికి క్యాన్సర్ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది.

ఒక్కటి మరువవద్దు. కడిగిన తర్వాత తోలును మళ్లీ ముందుకు తేవాలి. వెనక్కి పోయి అక్కడే ఇరుక్కుంటే కొన వాచి, నెత్తురు ఆడదు. అప్పుడు తెల్లారనిద్దాం అనుకోవద్దు, రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి పోవాలి. అలాగే మూత్రం సన్నగా, ముక్కుతూ పోయవలసి వచ్చినా, పోసేటప్పుడు తోలు బుడగలా ఉబ్బినా ఆలస్యం చేయవద్దు.

మందుతో తగ్గకపోతే సున్తీ చేస్తారు. "మా కులంలో, మా మతంలో లేదు సార్" అంటారు కొందరు. జబ్బుకు చేసే ఆపరేషన్‌కు మతంతో పనిలేదు. మత్తు సూది ఇచ్చి చేస్తారు. పూర్తిగా మానడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అంతవరకు భార్యాభర్తలు కలవరాదు. సున్తీ వేరు, వేసెక్టమీ వేరు. సున్తీతో పిల్లలు పుట్టడం ఆగదు, మగతనమూ తగ్గదు. పిల్లలు వద్దనుకుంటే గాయం మానిన తర్వాత నిరోధ్ మామూలుగానే వాడుకోవచ్చు. 1968లో మన దేశంలో పదిహేను పైసలకు మూడు చొప్పున అమ్మకానికి వచ్చిన ఈ నిరోధ్‌ను ఈనాడు ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. నొప్పి ఉన్నందువల్ల వాడలేకపోతున్నామని చెబితే దానికి దారి చూపగలం. ఊరికే "వద్దు" అంటే మాకెలా తెలుస్తుంది?

తండాలో ఆయన ఇప్పుడు చక్కెరకు మాత్రలు వేసుకుంటున్నాడు, పూతమందుతోనే తోలు వదులైంది. పోయినసారి మందులకు భార్యాభర్తలిద్దరూ కలిసే వచ్చారు.

మీలో ఎవరికైనా ఈ బాధ ఉంటే, పదిమందిలో చెప్పలేకపోతే, చీటీ రాయించుకునేటప్పుడు "డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలి" అనండి. లోపలికి పోయాక "ముందు తోలు బిగుతు" అన్న మూడు మాటలు చాలు, డాక్టరుకు అర్థమవుతుంది.