పంటు కదలదు, పడవ కదులుతుంది
(వార్షిక సభలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



గత ఏడాది మీరిచ్చిన చందాలో కొంత సొమ్ముతో రెండు స్ప్రింగ్ త్రాసులు, ఒక స్టాప్ వాచ్, ఒక చిన్న చక్రాల బండి కొన్నాం. "ఫీజులకు, పుస్తకాలకు ఇచ్చిన డబ్బుతో ఈ ఆటబొమ్మలేమిటి?" అని కొందరు పెద్దలు అడిగారు. అడగవలసిన మాటే. జవాబు చెప్పడం మా బాధ్యత.

మా ఆదివారం తరగతి పిల్లలు న్యూటన్ సూత్రాలు మూడూ గడగడా అప్పజెప్పేవారు. ఒకరోజు ఇలా అడిగాం: కోటిపల్లి రేవులో చిన్న పడవ మీంచి ఒడ్డుకు దూకితే పడవ వెనక్కి పోతుంది. పంటు మీంచి దూకితే పంటు కదిలినట్టే ఉండదు. ఎందుకని? ఎవరూ పలకలేదు. చివరికి ఒక అబ్బాయి, "పంటు పెద్దది కదా సార్, దాని మీద బలం తక్కువ పడుతుంది" అన్నాడు. తప్పు. ఆ తప్పు వాడిది కాదు, బట్టీ పట్టించిన మాది.

త్రాసుల కొక్కేలు ఒకదానికొకటి తగిలించి, ఇద్దరి చేతికిచ్చి లాగమన్నాం. కండబలం ఉన్నవాడు లాగినా, బక్కవాడు లాగినా రెండింటిలో ఒకటే అంకె. పిల్లలు నమ్మలేక పదే పదే లాగి చూశారు. అప్పుడు ఆ అబ్బాయే చెప్పాడు: బలం రెండు వైపులా సమానమే, పంటు ద్రవ్యరాశి ఎక్కువ గనుక దాని వేగంలో మార్పు కంటికి ఆనదని. రెండో సూత్రం, మూడో సూత్రం ఒక్కసారే వాడి చేతికి చిక్కాయి.

విసిరిన వస్తువు శూన్యంలో తనంతట తాను ఆగదని వెయ్యేళ్ల కిందటే ఇబ్న్ సీనా వాదించారు. అసలు శూన్యమే లేదని చెప్పడానికి ఆయన ఆ వాదన తెచ్చారు. అందుకని 1687లో న్యూటన్ రాసినదంతా మనవాళ్లు ముందే చెప్పేశారని గొప్పలు పోవడం సరికాదు.

ఇంతలో ఒక అమ్మాయి లేచి, "న్యూటన్ తప్పని ఐన్‌స్టీన్ అన్నారట కదా, మరి ఇవెందుకు చదవాలి?" అంది. మాకు ఎంతో సంతోషం కలిగించిన ప్రశ్న అది. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 చంద్రుడి దాకా వెళ్లింది ప్రధానంగా న్యూటన్ లెక్కతోనే. అయితే బుధగ్రహం కక్ష్య తిరిగే తీరులో ఆ లెక్క కాస్త తప్పుతుంది. ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే అందులో 43 భాగాలు, అదీ నూరేళ్లకు! 1859లో బయటపడిన ఆ తేడాకు 1915లో ఐన్‌స్టీన్ కారణం చెప్పారు. వేగం కాంతివేగానికి దగ్గరైనా, గురుత్వం మరీ బలంగా ఉన్నా, పరమాణువు లోపలికి వెళ్లినా న్యూటన్ సూత్రాలు చాలవు.

ఇదంతా ఎక్కడో ఆకాశం సంగతి అనుకోకండి. మీ జేబులోని ఫోను దారి చూపేది ఉపగ్రహాల గడియారాలను బట్టి. అవి మన గడియారాల కంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఐన్‌స్టీన్ లెక్కతో సరిదిద్దకపోతే ఒక్క రోజులోనే దాదాపు 10 కిలోమీటర్ల తేడా వస్తుంది. రాజమండ్రిలో ఉన్న మిమ్మల్ని ధవళేశ్వరం అవతల చూపించినా ఆశ్చర్యం లేదు. రేవులో పడవకు మాత్రం న్యూటనే చాలు.

ఆ త్రాసులు ఈ పూట వెనక బల్ల మీద పెట్టాం. భోజనాలయ్యాక లాగి చూడండి. పిల్లలు అక్కడే ఉంటారు.